నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న చెక్క టియర్‌డ్రాప్ ట్రెయిలర్ కడుతున్నాను: గోడలు, పైకప్పు, వెనక తలుపు గురించి సలహా కావాలి

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము డాలస్ శివారులో ఉంటాము. పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్లిపోయాక నేనూ మా ఆవిడా ఏడాదికి నాలుగైదుసార్లు పాలో డ్యూరో, బిగ్ బెండ్ వైపు వెళ్లి, గుడారం వేసుకుని రెండు మూడు రోజులు ఉండి వస్తున్నాము. నేల మీద పడుకోవడం ఇప్పుడు ఆమె నడుముకు సరిపడటం లేదు. పెద్ద ట్రెయిలరు కొంటే దాన్ని లాగడానికి పెద్ద బండి కూడా కొనాలి. అందువల్ల లోపల ఇద్దరు పడుకోవడానికి పరుపు, వెనక తలుపు ఎత్తితే చిన్న వంటగది ఉండే, నీటిబొట్టు ఆకారపు టియర్‌డ్రాప్ ట్రెయిలరును చెక్కతో నేనే కట్టాలని నిర్ణయించుకున్నాను.

విడిభాగాలుగా వచ్చి మనమే బోల్టులతో బిగించుకునే 4 x 8 అడుగుల ట్రెయిలర్ చట్రం ఇప్పటికే కొన్నాను. దానికి 12 అంగుళాల చక్రాలున్నాయి. మా కారు లాగగలిగే గరిష్ఠ బరువు 1500 పౌండ్లని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. నా దగ్గర సర్క్యులర్ రంపం, జిగ్‌సా, రౌటర్, డ్రిల్లు, పది క్లాంపులు ఉన్నాయి. ఇంతవరకూ పుస్తకాల అలమరలు, ఒక మంచం చేశాను గానీ వంపులున్న పని ఎప్పుడూ చేయలేదు.

పక్క గోడలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైకప్పుకు అడ్డకర్రల మీద 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాలని అనుకుంటున్నాను. నా సందేహాలు ఇవి. గోడలు ఒకే మందపు షీటుతో కట్టడం మంచిదా, లేక లోపల చట్రం పెట్టి మధ్యలో ఫోమ్ నింపి రెండువైపులా పలుచటి ప్లై వేయడం మంచిదా? పైకప్పు మీద గుడ్డ వేసి రంగు పూయాలా, ఫైబర్‌గ్లాస్ వేయాలా, అల్యూమినియం రేకు వేయాలా? అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది వెనక తలుపు. నేను చూసిన పాత ట్రెయిలర్లన్నిటిలోనూ నీళ్లు అక్కడినుంచే లోపలికి వచ్చాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఓరెగాన్ నుంచి)

నమస్కారమండీ. మీ సందేహాలన్నిటికీ నీళ్లే మూలం కాబట్టి ముందు వాటి గురించే చెబుతాను. నేను 2019లో మొదటి ట్రెయిలరు కట్టాను. మాకు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వాన తెరిపి ఇవ్వదు. రెండో చలికాలం తరువాత వెనక తలుపు మీద, నంబరు ప్లేటు దీపం బిగించిన చోట రంగు బుడగలా లేచింది. గోటితో గీరితే రంగు ఊడి వచ్చింది. కింద చెక్కలోకి ఉలి మొన పెడితే, తడిసిన అట్టలోకి దిగినట్టు ఒక అంగుళం దిగిపోయింది. అక్కడ నేను చేసిన తప్పు ఒక్కటే. రంగు వేయడం పూర్తయ్యాక దీపం కోసం రెండు మరల రంధ్రాలు తొలిచి, వాటిలో ఏమీ నింపకుండా మరలు బిగించాను. ఆ రెండు రంధ్రాల వల్ల తలుపు మొత్తం మళ్లీ చేయవలసి వచ్చింది.

ప్లైవుడ్ ముఖం మీద పడిన నీరు మెల్లగా ఇంకుతుంది, కానీ కోసిన అంచు గుండా నీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పీల్చుకుంటుంది. మర కోసం తొలిచిన ప్రతి రంధ్రమూ లోపల అటువంటి అంచే. అందువల్ల బయటి గోడలోకీ కప్పులోకీ వెళ్లే ప్రతి మరకూ ముందు కావలసినదానికంటే పెద్ద రంధ్రం తొలచి, దాన్ని చిక్కగా కలిపిన ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో) నింపి, అది గట్టిపడిన తరువాత మధ్యలో అసలు రంధ్రం తొలచండి. అప్పుడు మర చుట్టూ చెక్క ఉండదు, ప్లాస్టిక్ లాంటి గొట్టం ఉంటుంది, ఒకవేళ నీరు చేరినా చెక్కకు తగలదు. కిటికీ, తలుపు, ఫ్యాను, దీపం, కీలు, గాలి రంధ్రం అన్నీ లెక్కవేస్తే ఇటువంటివి నూరుకు పైనే ఉంటాయి. ఓపిక అవసరమే గానీ ఈ పనిలో దీనికి ప్రత్యామ్నాయం లేదు.

పక్క గోడల కింది అంచు మీద మరింత శ్రద్ధ పెట్టండి. చక్రాలు చిమ్మే నీరంతా అక్కడే పడుతుంది, ఆ అంచు మనకు కనబడదు కూడా. గోడను చట్రానికి బిగించక ముందే దాన్ని తలకిందులుగా నిలబెట్టి, అంచు ఇక తాగలేనంత వరకూ పలుచటి ఎపాక్సీని మూడు నాలుగు సార్లు పూయండి. నేల పలక అడుగు భాగానికి కూడా అలాగే చేయండి. ఒకసారి పైన నిర్మాణం లేచిన తరువాత ఆ చోటికి చెయ్యి పోదు.

ఎపాక్సీ పూసే వేళ గురించి పడవలు కట్టేవారు చెప్పే ఒక మాట మీ టెక్సాస్ ఎండలకు బాగా పనికివస్తుంది. పొద్దున్నే పూస్తే, పగలు వేడెక్కేకొద్దీ చెక్క లోపలి గాలి వ్యాకోచించి బయటికి తోసుకువచ్చి పూత నిండా బుడగలు వస్తాయి. సాయంత్రం, వేడి తగ్గడం మొదలైన తరువాత పూస్తే, లోపలి గాలి సంకోచిస్తూ ఎపాక్సీని చెక్కలోకి లాక్కుంటుంది. పైగా ఎండలో కలిపిన ఎపాక్సీ గిన్నెలోనే గట్టిపడిపోతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకుని వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి. మరుసటి పూతకు ముందు పైన జిడ్డులాంటి పొర ఉంటే నీటితో కడిగి, ఆరిన తరువాతే సాన పట్టండి.

పైకప్పు విషయంలో నా అభిప్రాయం చెబుతాను. గుడ్డను జిగురుతో అంటించి రంగు పూసే పద్ధతి చవకైనది, వంపుల మీద కూడా ముడతలు లేకుండా చక్కగా కూర్చుంటుంది. అయితే కప్పు కింద నిలిపేవారికి అది సరిపోతుంది గానీ, ఏడాది పొడవునా ఆరుబయట నిలిపే బండికి నేను వాడను. ఆరు ఔన్సుల ఫైబర్‌గ్లాస్ గుడ్డతో ఎపాక్సీ వేస్తే చాలా బలమైన పొర వస్తుంది, కానీ ఎపాక్సీ ఎండకు ఆగదు. దానిమీద అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే వార్నిషుగానీ రంగుగానీ తప్పక ఉండాలి, ఆ వార్నిషును రెండు మూడేళ్లకోసారి కొత్తగా వేస్తూ ఉండాలి. అల్యూమినియం రేకుకు ఆ బెడద లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఈ చిన్న ట్రెయిలర్ల మీద అల్యూమినియం విరివిగా కనబడటానికి, విమానాల తయారీ నుంచి ఆ లోహం మిగిలి చవకగా దొరకడం ఒక కారణం. కానీ రేకును చెక్కకు గట్టిగా అంటించేయకండి. పదడుగుల అల్యూమినియం రేకు 50 డిగ్రీల సెల్సియస్ తేడాకు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. తెల్లవారి చలికీ మధ్యాహ్నపు ఎండకూ మధ్య ముదురు రంగు రేకుకు మీ ప్రాంతంలో అంత తేడా రావచ్చు. చెక్క అంత సాగదు కనుక, కదలడానికి చోటు లేని రేకు అలలు అలలుగా ఉబ్బుతుంది. అంచుల దగ్గర అల్యూమినియం పట్టీ కింద బ్యూటైల్ టేపు (నీరు చొరకుండా ఆపే మెత్తని జిగట టేపు) పెట్టి, రేకు ఆ పట్టీ కింద జరగగలిగేలా బిగించాలి.

సందులు మూయడానికి సిలికోన్ మాత్రం వాడవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. అది ఊడిన చోట తరువాత రంగు అంటదు, జిగురు అంటదు, మరో సిలికోన్ కూడా సరిగా అంటదు.

గోడల సంగతికి వస్తే, మొదటిసారి కడుతున్నారు కాబట్టి 18 మిల్లీమీటర్ల ఒకే షీటుతోనే కట్టండి. చట్రం, ఫోమ్, రెండు పలుచటి పొరలతో చేసే గోడ తేలికగా, చల్లగా ఉండే మాట నిజమే. అయితే ఎక్కడెక్కడ మరలు రాబోతున్నాయో ముందుగానే ఊహించి ఆయా చోట్ల లోపల చెక్క ముక్కలు పెట్టుకోవాలి. ఒక్కటి మరిచిపోయినా ఆ మర ఫోములోకి దిగుతుంది. ఎండ ఎక్కువగా పైనుంచే కాస్తుంది కనుక ఫోము పైకప్పులో, అడ్డకర్రల మధ్య పెట్టుకుంటే మీకు చాలావరకు మేలు జరుగుతుంది.

జవాబు (మిషిగన్ నుంచి)

పై మిత్రులు నీటి గురించి వివరంగా చెప్పారు. నేను బరువు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే 1500 పౌండ్ల పరిమితి ఉన్న కారుకు అది నీటితో సమానమైన విషయం.

18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై 4 x 8 అడుగుల పూర్తి షీటు దాదాపు 70 నుంచి 80 పౌండ్లు ఉంటుంది. కాబట్టి పక్క గోడల గురించి భయపడనక్కరలేదు. వంపులూ తలుపులూ కోసేశాక ఇంకా తగ్గుతుంది. బరువు పెరిగేది లోపలి అలమరల దగ్గర, వంటగది బల్లల దగ్గర. అక్కడ కూడా 18 మిల్లీమీటర్లదే వాడేవారిని చూశాను. అలమరలకు 6 మిల్లీమీటర్లు, బల్లకు 12 మిల్లీమీటర్లు పుష్కలంగా సరిపోతాయి. సామానుతో సహా మొత్తం 1000 పౌండ్ల లోపు ఉండేలా లక్ష్యం పెట్టుకోండి. కారు పరిమితి 1500 అయినంత మాత్రాన 1500 దాకా వెళ్లడం కొండదారుల్లో ఇంజనుకూ బ్రేకులకూ మంచిది కాదు. మీరు కొన్న చట్రం మోయగలిగే బరువు దాని పలక మీద ముద్రించి ఉంటుంది, దాన్ని కూడా చూసుకోండి.

మొత్తం బరువు కంటే ముఖ్యమైనది హిచ్ బంతి (కారు వెనక ట్రెయిలరును తగిలించే బంతి) మీద పడే బరువు, అంటే టంగ్ వెయిట్. అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. వెయ్యి పౌండ్ల ట్రెయిలరుకు 100 నుంచి 150 పౌండ్లు అన్నమాట. అంతకంటే తగ్గితే వేగం పెరిగినప్పుడు ట్రెయిలరు తోకలా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఒకసారి ఊగడం ముదిరితే కారును కూడా లాక్కుపోతుంది. టియర్‌డ్రాపులో వంటగది వెనక ఉండటం వల్ల ఈ ప్రమాదం సహజంగానే ఎక్కువ. ఐదు గ్యాలన్ల నీరు సుమారు 42 పౌండ్లు. ఇరుసు నుంచి హిచ్ దాకా దూరం 120 అంగుళాలు అనుకుని, ఆ నీటిని ఇరుసుకు 40 అంగుళాలు వెనక పెట్టారనుకోండి, హిచ్ మీద 14 పౌండ్లు తగ్గుతాయి. దానికి మంచు పెట్టె, పొయ్యి, గిన్నెలు కలిపితే మీరు జాగ్రత్తగా లెక్కవేసుకున్న 100 పౌండ్లు 60కి దిగిపోవచ్చు. బ్యాటరీని ముందు భాగంలో పెట్టెలో పెట్టండి, నీటి డబ్బాను ఇరుసు పైకి తీసుకురండి.

దీన్ని కొలవడానికి ప్రత్యేక పరికరం కొననక్కరలేదు. ఒక గట్టి పలకకు ఒక చివర కింద ఇనుప గొట్టం, మరో చివర కింద స్నానాల గదిలో వాడే తూకం పెట్టండి. గొట్టానికీ తూకానికీ మధ్య సరిగ్గా మూడడుగులు ఉండాలి. ట్రెయిలరు ముక్కును గొట్టం నుంచి ఒక అడుగు దూరంలో పలక మీద ఆనించి, తూకం చూపిన అంకెను మూడుతో గుణిస్తే టంగ్ వెయిట్ వస్తుంది. పలక బరువు వల్ల వచ్చే అంకెను ముందే చూసుకుని తీసివేయండి. ట్రెయిలరు సమతలంగా, హిచ్ ఎత్తులోనే ఉండాలి, ప్రయాణానికి సర్దినట్టే సామానంతా సర్ది ఉండాలి. గోడలు లేచాక ఒకసారి, వంటగది పూర్తయ్యాక ఒకసారి, మొదటి ప్రయాణానికి ముందు ఒకసారి కొలవండి.

చిన్న చక్రాలు కారు చక్రాల కంటే వేగంగా తిరుగుతాయి కాబట్టి బేరింగులకు గ్రీజు ఏడాదికోసారైనా మార్చండి. ట్రెయిలర్ టైర్ల మీద వేరే వేగం ముద్రించి లేకపోతే గంటకు 65 మైళ్లు దాటవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రంధ్రాల సంగతి నాకు అసలు తట్టలేదు. నీటి డబ్బాను వెనక వంటగదిలోనే గీసుకున్నాను, ఈ రాత్రే ఆ బొమ్మ మారుస్తాను.

వెనక తలుపు గురించి ఒక్క మాట అడగాలి. పరీక్ష కోసం వంపుగా కోసిన రెండు పక్కటెముకల (తలుపు వంపును నిలిపే లోపలి కర్రల) మీద 3 మిల్లీమీటర్ల ప్లై అంటించి చూశాను. మరునాడు క్లాంపులు విప్పగానే అది దాదాపు రెండంగుళాలు తెరుచుకుపోయింది. అదే తలుపుకు జరిగితే కింది అంచు గోడను అంటుకోదు, ఎంత మంచి రబ్బరు పట్టీ వేసినా ఆ సందును మూయలేదు. దీనికి మార్గం ఏమిటి?

జవాబు (న్యూజెర్సీ నుంచి)

మా తాతగారు తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే వడ్రంగి. నేను సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్నా, సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని చూసిన పని ఇక్కడ రెండు టియర్‌డ్రాపులు కట్టడానికి పనికివచ్చింది.

వంచిన చెక్క తిరిగి తెరుచుకోవడం తప్పు కాదు, అది చెక్క స్వభావం. దాన్ని తగ్గించే మార్గం పొరలు పెంచడం. ఒకే మందపు పలకను వంచడానికి బదులు పలుచటి పొరలను మధ్యలో జిగురు రాసి ఒకేసారి అచ్చు మీద వంచి ఆరనిస్తే, తెరుచుకునేది పొరల సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండు పొరలైతే వంపు లోతులో నాలుగో వంతు, మూడు పొరలైతే తొమ్మిదో వంతు వెనక్కి వస్తుంది. ఎనిమిది అంగుళాల లోతున్న వంపుకు రెండు పొరలతో రెండంగుళాలు, మూడు పొరలతో అంగుళం కంటే తక్కువ అని లెక్క. ఇది పక్కటెముకలు లేని వట్టి పలకకు వర్తించే లెక్క. పక్కటెముకలు, లోపలి పలక కూడా చేరితే ఇంకా తగ్గుతుంది.

తలుపును విడిగా బల్ల మీద కట్టకండి. ట్రెయిలరు గోడల మీదే, దాని అసలు స్థానంలోనే కట్టండి. పక్కటెముకలను గోడ వంపు కంటే కొంచెం ఎక్కువ వంపుతో కోయండి. బయటి పొర అంటించి పూర్తిగా ఆరిన తరువాత, కిందికి దించక ముందు, ప్రతి పక్కటెముక రెండు చివరలనూ కలుపుతూ విల్లుకు నారి బిగించినట్టు ఒక సన్నని కర్రను మరలతో బిగించండి. ఆ కర్రలు ఉండగానే తలుపును తిరగేసి లోపలి పొర అంటించాలి కాబట్టి, లోపలి పలకను కర్రలకు అడ్డం రాకుండా పట్టీలుగా కోసుకుని, పక్కటెముకల మీద అతుకు వచ్చేలా అమర్చండి. రెండువైపులా పొరలు అంటుకుని పెట్టెలా మారిన తరువాతే కర్రలు తీయండి. నా రెండో ట్రెయిలరు తలుపు ఈ పద్ధతిలో పావు అంగుళం కూడా తెరుచుకోలేదు.

ప్లై కొనేటప్పుడు పైపొర గ్రెయిన్, అంటే చెక్క నార, ఎటు పోతున్నదో చూడండి. గ్రెయిన్ ట్రెయిలరు వెడల్పు వెంట సాగితే షీటు సులభంగా వంగుతుంది, పొడవు వెంట సాగితే మొరాయిస్తుంది. బాల్టిక్ బర్చ్ రకం ప్లై సాధారణంగా 5 x 5 అడుగుల షీట్లలో వస్తుంది కాబట్టి కప్పు మీద అతుకులు తప్పవు. అతుకు ఎప్పుడూ అడ్డకర్ర మధ్యలోనే రావాలి.

గోడ వంపు గీయడానికి కంప్యూటరు బొమ్మ ఉన్నా, షీటు మీద నాలుగైదు మేకులు కొట్టి, వాటికి ఆనించి సన్నని బద్దను వంచి, దాని వెంట పెన్సిలుతో గీయండి. తరువాత నేల మీదికి వంగి, ఒక కన్ను మూసి ఆ గీత పొడవునా చూడండి. టేపుకు అందని మిట్టపల్లాలు కంటికి అందుతాయి. మా తాతగారు పడవ పక్కను ఎప్పుడూ అలాగే చూసేవారు, చేత్తో నిమిరి కూడా చూసేవారు. మొదటి గోడ కోసి సాన పట్టిన తరువాత, దాన్నే అచ్చుగా పెట్టి రెండో గోడను రౌటరుతో కోస్తే రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తాయి.

తలుపు పైన రేకులోకే చొచ్చుకుపోయే అల్యూమినియం కీలు దొరుకుతుంది, హరికేన్ కీలు అంటారు. అది నీటిని దానంతట అదే కిందికి జార్చేస్తుంది. పక్కల్లో మాత్రం రబ్బరు పట్టీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పట్టీ వెనక చిన్న కాలువ ఉండాలి, ఆ కాలువ కింద బయటికి తెరుచుకోవాలి. బండి వేగంగా పోతున్నప్పుడు ట్రెయిలరు వెనక గాలి ఒత్తిడి తగ్గి, దుమ్మూ నీరూ సందుల్లోకి పీల్చుకుపోతాయి. నీరు పట్టీ దాటుతుందనే అనుకుని, దాటిన నీటికి దారి చూపించండి.

జవాబు (ఫీనిక్స్ నుంచి)

రెండు చిన్న విషయాలు చేరుస్తాను. అంత చిన్న గదిలో ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి ఊపిరిలోని తేమ గోడల మీద నీటి చుక్కలై దిగుతుంది, పరుపు కింద అయితే ఎండదు. కప్పులో 14 అంగుళాల ఫ్యాను, కింద గాలి వచ్చే దారి రెండూ పెట్టండి, పరుపును నేరుగా నేల పలక మీద వేయకుండా, మధ్యలో బద్దలు గానీ గాలి ఆడే చాప గానీ వేయండి. వంట ఎప్పుడూ వెనక తలుపు ఎత్తి బయటే చేయాలి. ఎంత చలి వేసినా లోపల పొయ్యి గానీ బొగ్గులు గానీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పనిసరి. ప్రొపేన్ గాలికంటే బరువైనది, లీకయితే నేల దగ్గర చేరుతుంది, కనుక సిలిండరు గది బయట, ముందు భాగంలో ఉండాలి.

రిజిస్ట్రేషను నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. మీ చట్రంతో వచ్చిన తయారీదారు ధ్రువపత్రాన్ని, కొన్న ప్రతి చెక్క ముక్క రసీదును, పని జరిగిన క్రమంలో ఫోటోలను దాచుకోండి. చట్రం మీది నంబరు పలకను నేల పలకతోగానీ రంగుతోగానీ కప్పేయకండి.

ప్రశ్న అడిగినవారు

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. మా ఆవిడ కూడా పక్కన కూర్చుని అన్నీ చదివింది, పరుపు కింద బద్దలు వేయాలన్నది ఆమె వెంటనే రాసిపెట్టుకుంది. గోడలకు 18 మిల్లీమీటర్ల ఒకే షీటు, కప్పులో ఫోము, పైన లేత రంగు అల్యూమినియం రేకు అని ఇద్దరం నిర్ణయించుకున్నాము. ఈ శనివారం గ్యారేజీ నేల మీద షీటు పరిచి, మేకులు కొట్టి, బద్దతో వంపు గీస్తాను. గోడలు కోసిన తరువాత, చట్రానికి బిగించక ముందే, కింది అంచులకు సాయంత్రం పూట ఎపాక్సీ పూసి ఫోటోలు ఇక్కడే పెడతాను. అంచులు ఇంకా తాగుతున్నట్టు కనిపిస్తే దయచేసి చెప్పండి.